ఒక్కదాన్నే రోమ్ వెళ్ళనా? ముందు కాకినాడలో ఒక్కరే భోంచేసి రండి

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. కాకినాడలో బ్యాంకు ఉద్యోగం. మావారు పోయి మూడేళ్ళయింది, అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. హైస్కూల్లో సోషల్ పుస్తకంలో కలోసియం బొమ్మ చూసినప్పట్నుంచీ రోమ్ చూడాలని కోరిక. అక్టోబర్ ఆఖర్లో తొమ్మిది రోజులు సెలవు దొరికేలా ఉంది. మా ఆడపడుచు మాత్రం ఒక్కదానివే ఏంటి, గ్రూప్ టూర్‌లో వెళ్తే అదే డబ్బుకి పారిస్, స్విట్జర్లాండ్, వెనిస్, రోమ్ అన్నీ అయిపోతాయి కదా అంటోంది. మావాడేమో రోజూ రోమ్ దొంగల వీడియోలు పంపిస్తున్నాడు. నేను శాకాహారిని, ఇంగ్లీషు పనికి సరిపడా వచ్చు. నిజం చెప్పాలంటే ఇప్పటిదాకా ఒక్కదాన్నే హోటల్లో కూర్చుని భోజనం కూడా చేయలేదు. వెళ్ళమంటారా?

జవాబు: వెళ్ళండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. ఆడపడుచు గురించి, దొంగల గురించి ముందే రాసేసి, అసలు సంగతి తీసుకెళ్ళి చివరి లైన్లో పెట్టారు, ఒక్కదాన్నే కూర్చుని భోజనం చేయలేదు అని. మీ ప్రశ్న అదే, మిగతావన్నీ దానికి చుట్టాలు. నాకెలా తెలుసంటే నాదీ అదే కథ కాబట్టి.

2018లో, నాకు 53 ఏళ్ళప్పుడు మొదటిసారి రోమ్ వెళ్ళా ఒక్కదాన్నే. పొద్దున్న దిగా, రూముకి చేరా, మధ్యాహ్నం నిద్రపోయా, సాయంత్రం ఆరున్నరకి ఆకలేసి బయటికొస్తే ఒక్క రెస్టారెంటూ తెరవలేదు, అక్కడ రాత్రి వంట మొదలయ్యేదే ఏడున్నరకి అని నాకు తెలీదు, అలా గంటసేపు తిరిగి తిరిగి చివరికి ఒకచోట తలుపు తీశారని వెళ్తే ఆ అబ్బాయి నవ్వుతూ ఎంతమంది అని అడిగాడు, నేను ఒక వేలు చూపించా. అతను మామూలుగానే రండి అన్నాడు పాపం, నాకే ఏమైందో, చుట్టూ జంటలు, పిల్లలు, కొవ్వొత్తులు, ఆ ఒక్క వేలు గాల్లో అలా ఉండిపోయింది, మళ్ళీ వస్తానని చెప్పి బయటపడ్డా. రూముకొచ్చి సంచిలోని సున్నుండలు రెండు తిని, కాసేపు ఏడ్చి పడుకున్నా. ఏడు వేల కిలోమీటర్లు ధైర్యంగా వచ్చినదాన్ని, ఒక కుర్చీ దగ్గర ఆగిపోయా.

అందుకని మీకు మొదటి పని. వీసా కంటే ముందు, టికెట్ కంటే ముందు. ఈ ఆదివారం కాకినాడలోనే ఒక మంచి హోటల్‌కి వెళ్ళండి, పార్సిల్ కాదు, లోపల కూర్చుని, భోజనం చెప్పి, ఫోను బ్యాగులో పెట్టేసి, నెమ్మదిగా తినండి. సర్వరు ఇంకెవరైనా వస్తారా మేడం అని అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. లేదు బాబూ నేనొక్కదాన్నే అని చెప్పండి. తెలిసినవాళ్ళు కనబడి ఏంటండీ ఒక్కరే వచ్చారు అంటారు, అదీ అవుతుంది, మన ఊళ్ళో అవకుండా ఉంటుందా. అలా నాలుగు వారాలు చేయండి. ఆ తర్వాత ఒక శనివారం వైజాగ్ వెళ్ళి రూము తీసుకుని ఒక రాత్రి ఒక్కరే ఉండి రండి. ఇంత చేస్తే రోమ్‌లో మీకు కొత్తగా భయపడటానికి పెద్దగా ఏం మిగలదు. పైగా అక్కడ పక్క టేబుల్ వాళ్ళు మీ గురించి ఆలోచించరు, మీ ఆడపడుచు స్నేహితురాలు ఎవరూ ఉండరు.

ఇప్పుడు గ్రూప్ టూర్ సంగతి. నాకు గ్రూప్ టూర్ల మీద కోపం లేదు, సింగపూర్ అలాగే వెళ్ళా, పొద్దున్నే ఇడ్లీ పెట్టారు, సామాను వాళ్ళే మోశారు, హాయిగా ఉంది. కానీ ఎనిమిది రోజుల్లో అన్ని చోట్లంటే ఏమవుతుందో లెక్కేయండి, రోమ్ మీ వాటాకి ఒకటిన్నర రోజు వస్తుంది, అందులో వాటికన్‌కి సగం రోజు, కలోసియం ముందు ఫోటో, ట్రెవి ఫౌంటెన్ దగ్గర ఇరవై నిమిషాలు, బస్సెక్కండి బస్సెక్కండి. ముప్పై ఏళ్ళు దాచుకున్న కోరికకి ఇరవై నిమిషాలా? నేను ఇంకో తప్పు కూడా చూశా, ఒక్కరే వెళ్తూ కూడా గ్రూప్ టూర్ లాగే ప్లాన్ చేసుకునేవాళ్ళు, రోజుకి పదకొండు చోట్లు, ఎక్సెల్ షీటు. ఒక్కరే వెళ్ళడంలో ఉన్న లాభమే ఏంటంటే మీకు నచ్చినచోట కూర్చోవచ్చు, ఎవరి కాళ్ళూ నొప్పులు పుట్టవు, ఎవరికీ బోర్ కొట్టదు. ఆ లాభం వదులుకుంటే ఇక టికెట్ ఎక్కువ పెట్టి ఒంటరిగా పరిగెత్తడమే.

కాబట్టి తొమ్మిది రోజుల్లో ప్రయాణాలు పోను ఏడు రోజులు, ఏడూ రోమ్‌కే. ఏడు రోజులు ఒక్క ఊళ్ళో ఏం చేస్తాం అనిపిస్తుంది. ఆ ఊరు అలాంటిలాంటిది కాదండీ, ఒక ఊరి మీద ఇంకో ఊరు, దాని మీద ఇంకోటి. సాన్ క్లెమెంతే అని కలోసియం నుంచి ఐదారు నిమిషాల నడకలో ఒక చర్చి ఉంది. పైన 12వ శతాబ్దపు చర్చి, బంగారు మొజాయిక్‌తో మెరిసిపోతుంటుంది. టికెట్ తీసుకుని మెట్లు దిగితే దాని కింద నాలుగో శతాబ్దపు చర్చి. ఇంకా దిగితే ఒకటో శతాబ్దపు ఇళ్ళ గోడలు, సందు, మిత్ర అనే దేవుడి గుడి గది. ఈ మిత్ర పేరు మన వేదాల్లోని మిత్రుడి పేరుకి చుట్టమే, ఇరాన్ వైపు నుంచి రోమన్ సైనికుల దగ్గరికి చేరిందంటారు. అక్కడ నిలబడితే గోడ వెనక ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపిస్తుంది, నేల కింద నీళ్ళు ఇప్పటికీ పారుతున్నాయి. గ్రూపు వెళ్ళిపోయేదాకా ఆగండి, నిశ్శబ్దం అయ్యాక వినండి. నేను ఆ చప్పుడు దగ్గర అరగంట ఉన్నా. పక్కన ఎవరైనా ఉంటే ఐదో నిమిషంలో ఇంక పద అనేవాళ్ళు.

మెట్రో కూడా అంతే. మూడే లైన్లు, ఏ, బీ, సీ. అంత పెద్ద ఊరికి మూడేంటి అనుకుంటాం, ఎక్కడ తవ్వినా ఏదో ఒకటి బయటపడుతుంది, పని ఆగుతుంది, పురావస్తు వాళ్ళు వస్తారు. సాన్ జొవాన్ని అనే స్టేషన్లో కిందికి దిగుతుంటే గోడల మీద ఏ లోతులో ఏ కాలమో రాసి ఉంటుంది, తవ్వకంలో దొరికిన వస్తువులు అక్కడే అద్దాల్లో పెట్టారు. మెట్రో టికెట్‌తోనే మ్యూజియం చూసినట్టు.

కలోసియం గురించి మీకు నేను చెప్పేదేముంది, మీరే పుస్తకంలో చదివారు, వెస్పాసియన్ మొదలుపెట్టాడు, ఆయన కొడుకు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించాడు. చెప్పాల్సింది టికెట్ గురించి. అఫీషియల్ సైట్‌లో సుమారు నెల రోజుల ముందు నుంచి టికెట్లు పెడతారు, అందులో కిందున్న సొరంగాల టికెట్లు చూస్తుండగానే అయిపోతాయి. టికెట్ మీద మీ పేరు ఉంటుంది, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, మన ఇంటిపేర్ల తంటా తెలుసు కదా, బ్యాంకు కార్డు మీద ఉన్నది కాదు, పాస్‌పోర్టులో ఉన్నదే కొట్టండి. గేటు దగ్గర స్కిప్ ద లైన్ అంటూ వెంటపడేవాళ్ళ దగ్గర కొనకండి. ఆ టికెట్లోనే ఫోరమ్, అంటే పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలు, పాలటైన్ కొండ కూడా వస్తాయి, చాలామంది కలోసియం చూసి అలిసిపోయి అవి వదిలేస్తారు, అన్యాయం.

ఫోరమ్‌లో మీరు తప్పకుండా చూడాల్సిన చోటు ఒకటుంది. మాక్సెన్షియస్ బసిలికా అని మూడు పెద్ద కమానులతో ఒక శిథిలం కనిపిస్తుంది. దాని కిందే ఒకప్పుడు హోరియా పిపెరటారియా ఉండేది, అంటే మిరియాల గోడౌన్లు, చక్రవర్తి డొమిషియన్ కట్టించినవి. ఆ మిరియాలు ఎక్కడివి? మనవే, ముఖ్యంగా మలబారు వైపువి. రోమన్లు మన మిరియాలు, ముత్యాలు, సన్నని బట్టలకి బంగారం, వెండి పోస్తుంటే ప్లినీ అనే పెద్దాయన ఏటా 5 కోట్ల సెస్టెర్సులు, అంటే వాళ్ళ నాణేలు, ఇండియాకి పోతున్నాయని గొణుక్కుంటూ రాశాడు. ఆ డబ్బులో కొంత మన దాకా వచ్చింది, నాగార్జునకొండలో, నల్గొండ జిల్లాలో రోమన్ నాణేలు దొరికాయి. నేనక్కడ నిలబడి ఇవాళ్టి కరెంట్ అకౌంట్ డెఫిసిట్ గొడవ లాంటిదే కదా అనుకున్నా, మీరు బ్యాంకువాళ్ళు, మీకింకా బాగా నవ్వొస్తుంది.

పాంథియాన్ అనే పాత రోమన్ గుడి నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఫ్రీ, 2023 జూలైలో 5 యూరోల టికెట్ పెట్టారు, ఐదు కాదు పదిహేనైనా ఇవ్వచ్చు. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, అంటే 1900 ఏళ్ళ కిందట పోసిన కాంక్రీటు గుమ్మటం, అడ్డం 43 మీటర్ల పైన, లోపల ఇనుము లేదు, ఇప్పటికీ అలాంటి గుమ్మటాల్లో ప్రపంచంలో అదే పెద్దది. నడినెత్తిన తొమ్మిది మీటర్ల దాకా ఉండే రంధ్రం, దానికి అద్దం లేదు, వాన పడితే లోపలే పడుతుంది, నేల మీద నీళ్ళు పోవడానికి చిన్న చిన్న కన్నాలున్నాయి. మీరు వెళ్ళేది అక్టోబర్ ఆఖరు, వానలుంటాయి, వాన మొదలవగానే అందరూ కాఫీ షాపుల్లోకి పరిగెత్తుతారు, మీరు పాంథియాన్‌కి పరిగెత్తండి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, దానికి టికెట్ కూడా లేదు. కరవాజ్జో అనే చిత్రకారుడి పెద్ద పెద్ద బొమ్మలు కొన్ని మ్యూజియంలో కాదు, చర్చిల్లోనే ఉన్నాయి, ఏ గోడ కోసం వేశాడో అదే గోడ మీద. సాన్ లుయిజీ దెయ్ ఫ్రాంచేజీ చర్చిలో సెయింట్ మాథ్యూ బొమ్మలు 1600 నాటివి. దగ్గర్లోనే సాంత్ అగోస్తీనో చర్చి, అందులో ఒక బొమ్మ, గుమ్మంలో మేరీమాత బిడ్డనెత్తుకుని నిలబడింది, ఎదురుగా ఇద్దరు ముసలి యాత్రికులు మోకాళ్ళ మీద, ఆ ముసలాయన అరికాళ్ళు మన మొహానికి ఎదురుగా, మట్టి కొట్టుకుని. దేవుడి బొమ్మలో మురికి కాళ్ళా అని అప్పట్లో గొడవ చేశారట. నాకైతే కాలినడకన తిరుమల కొండెక్కిన మా నాన్న కాళ్ళు గుర్తొచ్చాయి, అచ్చం అలాగే ఉండేవి. ఈ చర్చిల్లో చీకటిగా ఉంటుంది, పక్కనే ఒక డబ్బా, నాణెం వేస్తే కాసేపు లైటు వెలుగుతుంది, ఆగిపోతుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. పది మంది చీకట్లో నిలబడి ఇంకెవరైనా వేస్తారేమో అని చూస్తుంటారు, అన్ని దేశాలవాళ్ళూ, అందరూ అంతే. నేను నాణెం వేశా, లైటు వెలిగింది, పది మొహాలు వెలిగాయి, పక్కన ఒక జపాన్ ఆవిడ నాకు తల వంచింది. లైటు ఆరిపోగానే ఆవిడ వేసింది. తర్వాత ఇంకెవరో. ఒక్క మాట లేకుండా ముప్పావుగంట అలా గడిచింది. చిల్లర నాణేలు దాచుకోండి, ఈ చర్చిలు మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తారు, ఆ టైముకి వెళ్ళకండి.

వాటికన్ వేరే దేశం, అయినా ఇంకో వీసా అక్కర్లేదు. మ్యూజియం ఆదివారాలు మూసేస్తారు, నెలలో ఆఖరి ఆదివారం మాత్రం ఫ్రీ, ఆ ఫ్రీ కోసం వెళ్ళకండి, మన ముక్కోటి ఏకాదశి క్యూ గుర్తొస్తుంది. మామూలు రోజున పొద్దున్నే మొదటి స్లాటు ఆన్‌లైన్లో బుక్ చేసుకోండి. పైకప్పు నిండా మైకెలాంజెలో బొమ్మలున్న సిస్టీన్ చాపెల్‌లో ఫోటోలు తీయనివ్వరు, మంచిదే, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూడొచ్చు. సెయింట్ పీటర్స్ అనే పెద్ద చర్చి లోపలికి టికెట్ లేదు, సెక్యూరిటీ క్యూ ఒక్కటే, భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, నిక్కర్లలో వచ్చినవాళ్ళని వెనక్కి పంపుతుంటే మీరు చుడీదార్లో దర్జాగా వెళ్ళిపోతారు. గుమ్మటం ఎక్కాలంటే 551 మెట్లు, లిఫ్ట్ తీసుకున్నా 320 మిగులుతాయి, చివర్లో గోడ వంగిపోయి మనమూ పక్కకి వంగి ఎక్కాలి, మోకాళ్ళు సహకరిస్తేనే వెళ్ళండి. లోపలికి రాగానే కుడి పక్క అద్దం వెనక మైకెలాంజెలో చెక్కిన పియెతా ఉంటుంది, తల్లి ఒళ్ళో పోయిన కొడుకు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు చెక్కాడంటే నమ్మలేం. మీరు మావారు పోయి మూడేళ్ళు అని రాశారు కాబట్టి చెప్తున్నా, అక్కడ కొంచెం గుండె బరువెక్కుతుంది, కళ్ళనీళ్ళు వస్తే రానివ్వండి, అక్కడ ఏడ్చినవాళ్ళని ఎవరూ వింతగా చూడరు.

మావాడికి దొంగల గురించి ఏం చెప్పాలి అంటారా. ఉన్నారు. అబద్ధం చెప్పను. కానీ వాళ్ళు జేబుదొంగలు, కత్తులు చూపించేవాళ్ళు కాదు, వాళ్ళకి మనతో గొడవ అక్కర్లేదు, మన పరధ్యానం కావాలి. తెర్మిని అనే పెద్ద రైల్వే స్టేషన్, మెట్రో ఏ లైను, స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్ళే 64 నంబరు బస్సు, ట్రెవి ఫౌంటెన్ చుట్టూ, వాళ్ళ ఆఫీసులు అవే. మెట్రో తలుపు మూసుకునే ముందు తోపులాట మొదలైందంటే చెయ్యి బ్యాగు మీదికి వెళ్ళిపోవాలి. చేతికి దారం కట్టేవాళ్ళు, గులాబీ ఊరికే తీసుకోమనేవాళ్ళు, సంతకం పెట్టమనేవాళ్ళు, గ్లాడియేటర్ వేషం వేసుకుని ఫోటో దిగమనేవాళ్ళు, వీళ్ళందరికీ ఒకటే మందు, ఆగకుండా నడవడం, నో కూడా చెప్పక్కర్లేదు. నా బ్యాగులోంచి బస్సులో ఒకడు చాలా నేర్పుగా ఒకటి కొట్టేశాడు, పర్సనుకున్నాడు పాపం, నా కళ్ళజోడు కేసు, అందులో జోడు కూడా లేదు, నా మొహం మీదుంది. డబ్బు, పాస్‌పోర్టు చీర లోపల సంచీ పెట్టుకునే మన అమ్మమ్మల పద్ధతిలో లోపలి పౌచ్‌లో పెట్టుకోండి, రోజుకి కావాల్సినంతే బయట. పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ ఫోన్లోనూ, మెయిల్లోనూ, మీ అబ్బాయి దగ్గరా ఉండాలి. ఎమర్జెన్సీ నంబరు 112. అసలు నిజమైన ప్రమాదం దొంగలు కాదండీ, రోడ్లు. సాంపియెత్రీని అని నల్ల రాళ్ళు పరిచి ఉంటాయి, ఎత్తుపల్లాలు, వానకి జారతాయి, మడమ మెలిపడిందంటే ట్రిప్ అక్కడితో సరి. కొత్త చెప్పులు వద్దు, రెండు నెలలు వాడి మెత్తబడిన బూట్లు వేసుకోండి.

తిండి. శాకాహారికి యూరప్‌లో ఇంతకంటే మంచి ఊరు కష్టం. మార్గెరీటా పిజ్జా ఎక్కడైనా దొరుకుతుంది, మరినారా అనే పిజ్జా ఉంటుంది, పేరు చూసి చేప అనుకోకండి, టొమాటో, వెల్లుల్లి, అంతే, చీజ్ కూడా ఉండదు. పిజ్జా అల్ తాల్యో అని కొట్లుంటాయి, ఇంత అని వేలుతో చూపిస్తే కత్తెరతో కత్తిరించి తూకం వేసి ఇస్తారు, ఒక్కరే తినడానికి సిగ్గుపడే రోజుల్లో అదే నా ప్రాణం కాపాడింది. కాచో ఎ పెపె తినండి, గొర్రె పాల పెకొరీనో చీజ్, బోలెడు మిరియాల పొడి, పాస్తా, అంతే, ఆ గోడౌన్లు చూసొచ్చిన రాత్రి తింటే ఇంకా బాగుంటుంది. యూదుల పాత పేటలో కార్చోఫీ అల్లా జుదియా అని ఒక పువ్వు మొగ్గని నూనెలో వేయించి ఇస్తారు, కరకరలాడుతుంది, ఒడియం లాగే. జాగ్రత్త పడాల్సినవి: కార్బొనారా, అమత్రిచానా అనే పాస్తాలు రెండిట్లోనూ పంది మాంసం ఉంటుంది, అలీచి అంటే చేపలు, కూరగాయల సూప్‌లో కూడా మాంసం నీళ్ళు వాడచ్చు, అడగండి. పెకొరీనో తయారీలో పాలు విరగడానికి గొర్రెపిల్ల కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారు, మీరు అంత గట్టిగా పట్టించుకునేవాళ్ళైతే అది తినకండి. సోనో వెజెతారియానా, సెంజా కార్నె, సెంజా పెషె, ఈ మూడు ముక్కలు రాసి పెట్టుకోండి, శాకాహారిని, మాంసం వద్దు, చేప వద్దు. లాత్తె అడిగితే పాలే ఇస్తారు, ఉత్త పాలు, కాఫీ కావాలంటే కప్పుచీనో అనండి. కాఫీ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు, నిలబడే తాగండి, పక్కనోళ్ళు అందరూ ఒక్కరే నిలబడి ఉంటారు, మీకు అదో ధైర్యం.

నాలుగో రోజుకి అన్నం, పప్పు మీద గాలి మళ్ళుతుంది, మళ్ళకపోతే మీరు మనవాళ్ళే కాదు. తెర్మినికి దగ్గర్లో ఎస్క్విలీనో మార్కెట్ ఉంది, పచ్చిమిర్చి, కందిపప్పు, బియ్యం అన్నీ దొరుకుతాయి, బంగ్లాదేశ్ వాళ్ళ కొట్లు చాలా, హిందీ నడుస్తుంది. నేనైతే కందిపొడి చిన్న డబ్బా తీసుకెళ్తా. నీళ్ళ సీసాలు కొనకండి. వీధుల్లో నాసోనీ అని ఇనప కుళాయిలు, రెండు వేల పైనే ఉన్నాయి, 1870ల నుంచి పారుతున్నాయి, చల్లటి తాగే నీళ్ళు. కింద ముక్కుని వేలితో మూస్తే పైన చిన్న కన్నంలోంచి నీళ్ళు ఎగుస్తాయి, వంగక్కర్లేకుండా తాగచ్చు. మొదటిసారి మొహం నిండా పడతాయి, అందరికీ అంతే.

ఉండటానికి మోంతి పేట బాగుంటుంది, స్టేషన్‌కీ కలోసియంకీ మధ్యలో, ప్రాతి అయితే వాటికన్ పక్కన, కొంచెం ప్రశాంతం. త్రాస్తేవెరే అందంగా ఉంటుంది కానీ రాత్రి రెండింటిదాకా గోల. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, అక్కడ కాన్వెంట్లు, మఠాలు కొన్ని గెస్ట్‌హౌస్‌లు నడుపుతాయి, కాసా పెర్ ఫెరీ అంటారు. ఏ మతం వాళ్ళైనా ఉండచ్చు, గది సాదాగా, శుభ్రంగా ఉంటుంది, చాలావాటికి రాత్రి పదకొండుకి గేటు వేసేస్తారు. నేను రెండోసారి వెళ్ళినప్పుడు అలాంటిచోటే ఉన్నా, గేటు దగ్గర సిస్టర్ రోజూ రాత్రి నేనొచ్చానా లేదా చూసేది, మాట రాకపోయినా. మీ అబ్బాయికి ఈ ముక్క చెప్పండి, సగం వీడియోలు ఆగిపోతాయి. ఎక్కడున్నా సిటీ ట్యాక్స్ అని రాత్రికింత విడిగా కట్టించుకుంటారు, మోసం అనుకోకండి.

పొద్దున్న దిగే ఫ్లైటే తీసుకోండి, ఒక్కరే కొత్త ఊళ్ళో అర్ధరాత్రి దిగద్దు. ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్టు నుంచి లియొనార్దో ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో తెర్మినికి, 14 యూరోలు, మధ్యలో ఆగదు. కాగితం టికెట్ అయితే ప్లాట్‌ఫాం మీది మెషీన్లో ముద్ర వేయించుకుని ఎక్కాలి, లేకపోతే టికెట్ ఉన్నా ఫైన్. మెట్రో, బస్సు టికెట్ 1.50 యూరోలు, 100 నిమిషాలు, కార్డు నేరుగా గేటుకి తాకించినా పని అవుతుంది. ఏటీఎం అయితే బ్యాంకు గోడకి ఉన్నదే వాడండి, స్క్రీన్ రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే వద్దు యూరోల్లోనే అనండి, ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు.

వీసా ఇటలీకే అప్లై చేస్తారు, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు అన్నది రూలు, కానీ అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి రెండు మూడు నెలల ముందే కానిచ్చేయండి. ఫీజు 90 యూరోలు, సెంటర్ చార్జీలు పైన. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకుండా ఉండాలి. లీవు శాంక్షన్ లెటరు, ఐటీ రిటర్నులు, స్టేట్‌మెంట్లు ఎలాగూ ఇస్తారు, మీది ప్రభుత్వ బ్యాంకైతే విదేశానికి వెళ్ళడానికి పైనుంచి పర్మిషన్ కాగితం ముందే కదిలించండి, అది వీసా కంటే ఆలస్యం అవుతుంది. నా ఫ్రెండొకావిడకి అలాగే అయింది, వీసా వచ్చింది, ఆ కాగితం టేబుల్ మీదే ఉంది.

ఆడపడుచు గారితో వాదించకండి. ఆవిడకీ భయమే, మీ మీద ప్రేమ లేక కాదు, ఫోటోలు పంపుతా అని చెప్పి, వచ్చేటప్పుడు ఏం తేవాలో అడగండి, ఆవిడ జాబితా చెప్పడం మొదలుపెట్టిందంటే ఒప్పుకున్నట్టే. అబ్బాయితో మాత్రం ఒక టైము పెట్టుకోండి, రోజుకి ఒక్క ఫోను, రాత్రి రూముకొచ్చాక. గంటగంటకీ లొకేషన్ పంపే పని పెట్టుకోకండి, మీరు రోమ్‌లో ఉండరు, వాడి ఫోన్లో ఉంటారు. ఆ టైము విషయంలో ఒక్క జాగ్రత్త. అక్టోబర్ ఆఖరి ఆదివారం తెల్లవారుజామున అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా మనకీ వాళ్ళకీ మూడున్నర గంటల తేడా, ఆ రోజు నుంచి నాలుగున్నర. సాయంత్రం ఐదు దాటగానే చీకటి కూడా పడిపోతుంది. ఈ సంగతి మీవాడికి ముందే చెప్పి పెట్టండి, లేకపోతే ఆ ఆదివారం రాత్రి మీరు మిరియాల పాస్తా ముందు కూర్చున్న టైముకి అమ్మ ఇంకా ఫోన్ చేయలేదేంటని బెంగళూరులో కంగారు పడిపోతాడు.